బొమ్మ వచ్చింది, మాట ఏదీ? – వీడియో ఫైళ్లు మార్చేటప్పుడు ఆడియో ట్రాక్‌ల ఎంపిక

– పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ. రెండవ సంవత్సరం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు మన హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ దసరా సెలవులకు ముందు నేను హాస్టల్‌కు వచ్చిన రోజు మీలో కొందరు హాల్లో టీవీ ముందు కుస్తీ పడుతున్నారు. పెన్‌డ్రైవ్‌లో భౌతికశాస్త్రం పాఠం. సార్ బోర్డు మీద రాస్తున్నట్టు కనబడుతోంది గాని ఒక్క మాటా వినబడటం లేదు. రిమోట్ నొక్కి నొక్కి సౌండు చివరిదాకా పెంచారు. "అన్నా, టీవీ స్పీకర్ పోయింది" అన్నాడు ఒక తమ్ముడు. స్పీకర్ పోలేదు. ఆ ఫైల్లోని ఆడియో రకం ఆ టీవీకి తెలియదు, అంతే.

కావున ఈసారి జ్ఞాపకాలు పక్కన పెట్టి ఈ పాఠం రాస్తున్నాను. దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ముందు ఆ తప్పు చెబుతాను.

నేను చేసిన తప్పు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. అందువల్ల ఫోన్ పాడైనా, బ్యాంకు కాగితం వచ్చినా, ఏ ఫైలు తెరుచుకోకపోయినా మావాళ్లు నా చేతికే ఇస్తారు. 2023 మే నెలలో మా అక్క పెళ్ళి జరిగింది. ఎడిటింగ్ చెయ్యని అసలు వీడియో కూడా కావాలని అడిగితే వీడియో తీసినాయన నా హార్డ్‌డిస్కులో ఎక్కించి ఇచ్చాడు. పెళ్ళి తంతు రెండు గంటలు, సుమారు 40 జీబీ. మా టీవీలో ఆడదు, ఫోన్లలో పట్టదు. నేను కంప్యూటర్ చదువుతున్నవాణ్ణి కదా, అందరికీ పంచడానికి దాన్ని చిన్నగా మార్చాను. మొదటి అయిదు నిమిషాలు విన్నాను. మైకులో మాటలు స్పష్టంగా వచ్చాయి. బాగుందనుకొని, చోటు లేక, అసలు ఫైలు చెరిపేశాను.

2024లో మా నాయనమ్మ చనిపోయింది. పెద్దకర్మ రోజు సాయంత్రం మా మేనత్త "అమ్మ పాడిన అప్పగింతల పాట పెట్టరా" అంది. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ మా ఊళ్లో ఏ పిల్ల అప్పగింతలైనా ఆమె గొంతు విప్పాల్సిందే. టీవీ పెట్టాను. నాయనమ్మ అక్క గడ్డం పట్టుకొని పాడుతోంది, పెదవులు కదులుతున్నాయి. వినబడేది మాత్రం మైకు సెట్టు గుయ్యిమనడం, ఆ తర్వాత ఎవరో మైకులో "రెండో బంతి భోజనాలకు రండి" అని పిలవడం. పాట మొత్తం అంతే.

వీడియో తీసినాయనకు ఫోన్ చేశాను. "రెండో ట్రాక్ పెట్టుకోలేదా తమ్ముడూ?" అన్నాడు. ఆయన కెమెరా రెండు మైకుల శబ్దాన్ని రెండు వేరు వేరు ట్రాక్‌లుగా దాచే రకం. మొదటి ట్రాక్‌లో మైకు సెట్టు నుంచి వైరు ద్వారా వచ్చిన శబ్దం, రెండో ట్రాక్‌లో కెమెరాకున్న మైకు శబ్దం. నాయనమ్మ మైకు ముందు పాడలేదు, జనం మధ్య నిలబడి పాడింది. ఆమె గొంతు రెండో ట్రాక్‌లో ఉంది. నేను మొదటిదే ఉంచాను. ఏడాది దాటింది కాబట్టి ఆయన దగ్గర కూడా ఆ ఫైలు లేదు. తప్పు కెమెరాది కాదు, ఆయనదీ కాదు. చూడకుండా బటన్ నొక్కింది నేను.

వీడియో ఫైలు ఒక ట్రంకు పెట్టె

మనం హాస్టల్లో చేరేటప్పుడు తెచ్చుకునే ట్రంకు పెట్టెను ఊహించుకోండి. బట్టలు, పుస్తకాలు, పచ్చడి సీసా అన్నీ ఒకే పెట్టెలో వేరు వేరుగా ఉంటాయి. వీడియో ఫైలు కూడా అంతే. అందులో బొమ్మ ఒక వరుస, శబ్దం మరో వరుస, కింద వచ్చే అక్షరాలుంటే అవి ఇంకో వరుస. ఈ వరుసనే ట్రాక్ అంటారు. పెట్టె పేరు ఫైలు చివర కనబడుతుంది: ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ. పెట్టెను కంటైనర్ అంటారు.

లోపలి సామాను తక్కువ చోటులో పట్టడానికి ఒక పద్ధతిలో మడత పెడతారు. ఆ మడత పద్ధతే కోడెక్. ఆడియోలో మనకు తరచు ఎదురయ్యేవి ఎంపీ3, ఏఏసీ, ఏసీ3, డీటీఎస్. ఏసీ3నే డాల్బీ డిజిటల్ అని కూడా అంటారు.

పెట్టె పేరు తెలిసినంత మాత్రాన లోపల ఏముందో తెలియదు. రెండు ఫైళ్లూ ఎంకేవీలే అయినా, ఒకదానిలో ఏఏసీ, మరొకదానిలో డీటీఎస్ ఉండవచ్చు. అందుకే "మా టీవీలో నిన్నటి ఎంకేవీ ఆడింది, ఈరోజుది ఆడటం లేదు" అనే ఫిర్యాదు వస్తుంది.

ఒకటి కంటే ఎక్కువ ట్రాక్‌లు ఎక్కడుంటాయి?

ఫోన్‌తో మామూలుగా తీసిన వీడియోలో సాధారణంగా ఒక్క ఆడియో ట్రాకే ఉంటుంది. కింది వాటిలో మాత్రం జాగ్రత్తగా చూడాలి.

1. డీవీడీలు. ఒక డీవీడీ వీడియోలో 8 వరకు ఆడియో ట్రాక్‌లు పెట్టవచ్చు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఇలా.
2. అనేక భాషల్లో తయారైన పాఠాలు, డాక్యుమెంటరీలు.
3. కంప్యూటర్ తెరను రికార్డు చేసిన పాఠాలు. ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 6 ట్రాక్‌ల వరకు రాయగలదు. అలా అమర్చుకున్నవారికి సార్ గొంతు ఒక ట్రాక్‌లో, కంప్యూటర్ శబ్దం మరో ట్రాక్‌లో ఉంటాయి.
4. పెళ్ళిళ్లకు, సభలకు వాడే పెద్ద కెమెరాల అసలు ఫైళ్లు.

మొదటి మెట్టు: మార్చే ముందు లెక్కపెట్టండి

దీనికి వీఎల్‌సీ ప్లేయర్ చాలు. ఉచితం. ఇది పుట్టింది కూడా విద్యార్థుల చేతిలోనే. పారిస్ దగ్గరున్న ఎకోల్ సాంత్రాల్ అనే ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 1996లో తమ క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియో చూడటానికి ఈ పని మొదలుపెట్టారు. 2001లో దాన్ని అందరికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేశారు.

ఫైలు తెరిచి, పైన ఆడియో మెనూలో 'ఆడియో ట్రాక్' దగ్గరికి వెళ్లండి. ఎన్ని ట్రాక్‌లున్నాయో అక్కడ వరుసగా కనబడతాయి. ఒక్కొక్కటీ ఎంచుకొని వినండి. మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి. తర్వాత టూల్స్ మెనూలో 'కోడెక్ ఇన్ఫర్మేషన్' తెరిస్తే ప్రతి ట్రాక్ కోడెక్, ఛానెళ్ల సంఖ్య, శాంపిల్ రేటు తెలుస్తాయి. ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి: 1వ ట్రాక్ – మైకు సెట్టు, 2వ ట్రాక్ – కెమెరా మైకు. ఈ రెండు లైన్లు ఆ రోజు నేను రాసుకొని ఉంటే చాలు.

ఒక సంగతి గమనించండి. ట్రాక్ పక్కన భాష పేరు ఉండవచ్చు, లేకపోవచ్చు. తయారుచేసినవాళ్లు రాస్తేనే అది ఉంటుంది. తెలుగుకు అంతర్జాతీయ భాషా సంకేతం టి-ఇ-ఎల్. అది రాయని ఫైల్లో "తెలియని భాష" అని కనబడుతుంది. తెలుగు గొంతును గుర్తుపట్టాల్సింది మన చెవులే.

రెండవ మెట్టు: మార్చేటప్పుడు చూడవలసినవి

ఉదాహరణకు హ్యాండ్‌బ్రేక్ తీసుకుందాం. ఇదీ ఉచితమే, 2003 నుంచి ఉంది. వీడియో మార్చే సాఫ్ట్‌వేర్లలో ఎక్కువమంది వాడేవాటిలో ఒకటి. ఫైలు తెరిచాక చాలామంది నేరుగా 'స్టార్ట్' నొక్కుతారు. నేనూ అదే చేశాను. నొక్కే ముందు 'ఆడియో' అనే భాగంలోకి వెళ్లండి.

1. ట్రాక్: మీరు ఏమీ చెప్పకపోతే, ఎంచుకున్న భాషకు సరిపోయే మొదటి ట్రాక్ ఒక్కటే తీసుకోవడం దీని అలవాటు. మిగిలినవి కొత్త ఫైల్లోకి రావు. ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏదీ రాదు. పని పూర్తయిందనే చెబుతుంది. దాని దృష్టిలో నిజంగానే పూర్తయింది. కావున అక్కడున్న బటన్‌తో మిగిలిన ట్రాక్‌లను మనమే చేర్చాలి. ఎప్పుడూ అన్నీ కావాలంటే 'సెలక్షన్ బిహేవియర్' అనే చోట ఆ మాట ఒక్కసారి చెప్పి దాచుకోవచ్చు. ఎక్కువ టీవీలు వరుసలో మొదటి ట్రాకునే ఆడిస్తాయి కాబట్టి, అందరూ వినవలసిన ట్రాకును పైన పెట్టండి. ట్రాక్ పేరు రాసే గడి ఉంటుంది. "నాయనమ్మ పాట – కెమెరా మైకు" అని పేరు పెట్టండి. రేపు మీ తమ్ముడికి ఉపయోగపడుతుంది.

2. కోడెక్: ఫోను, టీవీ, కంప్యూటర్ అన్నింట్లో ఆడాలంటే ఏఏసీ మంచిది. 'పాస్‌త్రూ' అనే మాట కూడా కనబడుతుంది. అంటే ఆడియోను ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు కొత్త పెట్టెలోకి మార్చడం. అసలు ట్రాక్ ఇప్పటికే ఏఏసీ లేదా ఎంపీ3 అయితే పాస్‌త్రూ ఉత్తమం. ఎందుకంటే ఏఏసీ, ఎంపీ3 వంటివి చోటు తగ్గించడానికి కొంత శబ్దాన్ని వదిలేస్తాయి. వదిలేసినదాన్ని మళ్లీ మడిస్తే ఇంకొంత పోతుంది. సీనియర్ నోట్సుకు జిరాక్స్, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీసినట్టు.

3. బిట్‌రేటు: ఒక్క సెకను శబ్దానికి ఎంత సమాచారం కేటాయిస్తామో అదే బిట్‌రేటు. లెక్క తేలిక. బిట్‌రేటును సెకన్లతో గుణించి 8తో భాగించాలి. 128 కేబీపీఎస్ అయితే ఒక గంటకు 128 × 3600 ÷ 8 = 57,600 కేబీ, అంటే సుమారు 58 ఎంబీ. అదే విధంగా గంటకు 64 అయితే 29 ఎంబీ, 160 అయితే 72 ఎంబీ, 320 అయితే 144 ఎంబీ. ఒక్కరే మాట్లాడే పాఠానికి మోనోలో 64 సరిపోతుంది. పాట ఉంటే స్టీరియోలో 128 నుంచి 160 వరకు పెట్టండి. అసలు ఫైల్లో 64 ఉన్నదాన్ని 320 చేస్తే గొంతు బాగుపడదు, ఫైలే లావవుతుంది. మసక జిరాక్స్‌ను ఖరీదైన కాగితం మీద తీసినా అక్షరాలు తేటపడవు కదా.

నా లెక్క కూడా వేసి చూడండి. రెండో ట్రాకును 128లో ఉంచుకొని ఉంటే రెండు గంటలకు 115 ఎంబీ అయ్యేది. ఫోన్‌తో తీసిన ఓ ముప్పై ఫొటోలంత చోటు. 40 జీబీ తగ్గించే హడావుడిలో ఆ కాస్త మిగుల్చుకోలేదు.

4. మిక్స్‌డౌన్: అంటే ఎన్ని ఛానెళ్లుగా రావాలన్నది. మోనో అంటే ఒకటి. స్టీరియో అంటే ఎడమ, కుడి రెండు. 5.1 అంటే ముందు మూడు, వెనుక రెండు, బరువైన శబ్దాలకు ఒకటి, మొత్తం ఆరు. 5.1లో మనుషుల మాటలు ఎక్కువగా ముందున్న మధ్య ఛానెల్‌లో ఉంటాయి. మన టీవీకి ఉండేవి మామూలుగా రెండు స్పీకర్లే. మధ్య ఛానెల్‌ను సరిగా కలపకపోతే పాటలు గట్టిగా, మాటలు సన్నగా వస్తాయి. మిక్స్‌డౌన్ 'స్టీరియో' పెడితే మధ్య ఛానెల్‌లోని మాటను రెండు వైపులకూ పంచుతుంది.

కొన్ని రికార్డింగులు ఇయర్‌ఫోన్ ఒక చెవిలోనే వినబడతాయి. మైకు ఒక వైపే కలిపి ఉంటే ఇలా జరుగుతుంది. అప్పుడు 'మోనో – ఎడమ మాత్రమే' లేదా 'కుడి మాత్రమే' అనే ఎంపికల్లో సరైనది తీసుకుంటే రెండు చెవుల్లోనూ వస్తుంది. ఒకే ఇయర్‌ఫోన్‌ను ఇద్దరు పంచుకొని పాఠం వినే మనవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. అయితే ఎడమలో ఒక మైకు, కుడిలో మరో మైకు ఉన్న ఫైల్లో ఒకవైపు తీసేస్తే ఆ గొంతు పోయినట్టే. ముందు రెండు వైపులా విడివిడిగా వినండి.

5. శాంపిల్ రేటు: 'ఆటో'లో వదిలేయండి. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. అంత వరకు పట్టుకోవాలంటే సెకనుకు దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు శబ్దాన్ని కొలవాలి. అందుకే ఆడియో సీడీలో 44,100 సార్లు, డీవీడీలో మామూలుగా 48,000 సార్లు కొలుస్తారు. దీన్ని పెంచితే ప్రయోజనం లేదు.

6. గెయిన్: శబ్దం తక్కువగా ఉంటే పెంచేది. 6 డెసిబెల్స్ పెంచితే అల ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది. ఎక్కువ పెంచితే గట్టి చోట గరగరమంటుంది. 3తో మొదలుపెట్టి విని చూడండి.

టీవీలో బొమ్మ వచ్చి మాట రాకపోతే

ఆ రోజు మన హాల్లో జరిగింది ఇదే. డీటీఎస్ వంటివి వాడటానికి తయారీదారులు వాటి హక్కుదారులతో లైసెన్సు ఒప్పందాలు చేసుకోవాలి. అందువల్ల కొన్ని టీవీల్లో, ఫోన్‌లలోని కొన్ని ప్లేయర్లలో అవి ఉండవు. బొమ్మ కోడెక్ తెలుసు కాబట్టి బొమ్మ వస్తుంది, ఆడియో కోడెక్ తెలియదు కాబట్టి మాట రాదు. ముందు రిమోట్‌లో ఆడియో ట్రాక్ మార్చే బటన్ ఉంటే నొక్కి చూడండి. రెండో ట్రాక్ ఏఏసీ అయితే అదే పలుకుతుంది. లేదంటే ఆడియోను ఏఏసీ స్టీరియోగా మార్చాలి.

దీనికోసం మొత్తం వీడియోను మార్చనక్కరలేదు. హ్యాండ్‌బ్రేక్ బొమ్మను కూడా తప్పకుండా మళ్లీ మడుస్తుంది కాబట్టి పాత కంప్యూటర్ మీద గంటలు పడుతుంది. అవిడెమక్స్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో దగ్గర 'కాపీ', ఆడియో దగ్గర 'ఏఏసీ' ఎంచుకుంటే బొమ్మను ముట్టుకోకుండా శబ్దాన్ని మాత్రమే మారుస్తుంది. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మీ భౌతికశాస్త్రం పాఠాన్ని ఆ రోజు నేను ఇలాగే మార్చి ఇచ్చాను.

మూడవ మెట్టు: మార్చిన తర్వాత

మొదటి అయిదు నిమిషాలు విని వదిలేయకండి. మొదలు, మధ్య, చివర, ప్రతి ట్రాకూ వినండి. పెదవుల కదలికకు మాట సరిపోతోందా చూడండి. ఫోన్‌తో తీసిన వీడియోల్లో సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య మారుతూ ఉంటుంది. అందువల్ల కొన్నిసార్లు మొదట్లో సరిగా ఉండి చివరికొచ్చేసరికి మాట వెనకబడుతుంది. ఏ పరికరంలో ఆడించాలో ఆ పరికరంలోనే పెట్టి చూడండి. ఆ వీడియోలో ఉన్న మనుషుల్లో ఒకరికి చూపించి "అంతా వినబడుతోందా?" అని అడగండి. నేను మా మేనత్తకు ఆనాడే చూపించి ఉంటే అసలు ఫైలు ఇంకా నా దగ్గరే ఉండేది.

ఇవన్నీ అయ్యాక కూడా మళ్లీ దొరకని రికార్డింగు అయితే అసలు ఫైలు చెరపకండి. చోటు కావాలంటే సినిమాలు తీసేయండి.

మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్నలు

1. ఈ ఫైల్లో ఎన్ని ఆడియో ట్రాక్‌లున్నాయి? ఒక్కొక్కదానిలో ఎవరి గొంతు ఉంది?
2. కొత్త ఫైల్లో అన్నీ వచ్చాయా? ఏది పైన ఉంది?
3. 96 కేబీపీఎస్‌లో 45 నిమిషాల పాఠం ఆడియో ఎన్ని ఎంబీ? (జవాబు: 32.4)
4. అసలు ఫైలు ఎక్కడ భద్రంగా ఉంది?

చివరి మాట

ఆ సాయంత్రం టీవీ ముందు మా మేనత్త నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలేరా, మొహమన్నా ఉంది" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత మా పెదనాన్న కొడుకు పాత ఫోన్‌లో ఆ పాట ఇరవై సెకన్ల ముక్క దొరికింది. దాన్ని మూడు చోట్ల దాచాను.

మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది రాయలేదు. వాళ్లకు తెలిసినదంతా నోటి మాటే, పాటే. వాళ్లకు మైకు అందించేవాళ్లు కూడా తక్కువ. కాబట్టి వాళ్ల గొంతు రెండో ట్రాక్‌లోనో, మూడో ట్రాక్‌లోనో, ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది. చదువుకున్నవాళ్లం కదా అని ఇంట్లో వాళ్లు ఫైళ్లు మన చేతికిస్తారు. వెతికి చూసి ఉంచడం మన పని.

మన హాస్టల్ ఆఫీసు బీరువాలో పాత వార్షికోత్సవాల సీడీలు, డీవీడీలు ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఈ ఏడాది మొదలుపెడదామని వార్డెన్ సార్‌ను అడిగాను, ఒప్పుకున్నారు. సంక్రాంతి తర్వాత వచ్చే రెండో ఆదివారం నేను వస్తాను. ఇష్టమున్న తమ్ముళ్లు ఒక నోటు పుస్తకం, ఒక ఇయర్‌ఫోన్ తెచ్చుకోండి. ముందు అన్నీ విని రాసుకుందాం. బటన్ ఆ తర్వాత నొక్కుదాం.

మీ అన్న